బొమ్మ కార్డుల్లో మిగిలిన బోర్డింగ్ హౌస్‌లు

బ్లాక్‌పూల్ లాంటి ఇంగ్లండ్ సముద్రతీర పట్టణాల్లో ఒకప్పుడు వీధులకు వీధులే, సెలవులకు వచ్చేవాళ్లకు గదులు అద్దెకిచ్చే బోర్డింగ్ హౌస్‌లు. మూతపడిన వాటి జాడ తీయాలంటే చాలాసార్లు చేతికి దొరికేది ఒక పాత పోస్టుకార్డే. దాన్ని ముందు వెనక్కి తిప్పి చూడాలి.

ప్రైవేటు ముద్రణ కార్డులను బ్రిటిష్ తపాలా శాఖ 1894లో అనుమతించింది. వెనకవైపు మొత్తం చిరునామాకే పోయేది, కబురు బొమ్మ అంచుల్లో ఇరికించాల్సిందే. 1902లో వెనకవైపును రెండు భాగాలు చేసి ఎడమ పక్క కబురు రాయనిచ్చారు. కాబట్టి రెండు భాగాల కార్డు అంతకు ముందుది కాదు. నిండా కబురుండి అరపెన్నీ తపాలా బిళ్లతో వెళ్లిందంటే 1918 జూన్ 3కు ముందుది. ఆ రోజు నుంచి రేటు పెన్నీ. ఒకటిన్నర పెన్నీ రేటు 1921 జూన్ నుంచి 1922 మే దాకానే నడిచింది. అలాంటి కార్డు మీద తపాలా ముద్ర చెరిగిపోయినా ఏడాది దొరికినట్టే.

అయితే ముద్ర చెప్పేది కార్డు వేసిన రోజు, ఫొటో తీసిన రోజు కాదు. వాలెంటైన్, ఫ్రిత్ లాంటి పెద్ద సంస్థలు ఒకే నెగటివ్‌ను ఏళ్ల తరబడి అమ్ముకున్నాయి. రంగులను అసలు నమ్మకూడదు. నలుపు తెలుపు ఫొటోకి ఆ ఇల్లు ఎన్నడూ చూడనివాళ్లు ప్రెస్సులో రంగులద్దేవారు, మబ్బులు చేర్చేవారు, తంతి తీగలు చెరిపేవారు. వీటన్నిటికంటే విలువైనది బస చేసినవాళ్లు సిరాతో పెట్టిన ఇంటూ గుర్తు: 'మా గది ఇదే' అని. ఒకే పోలికతో వరసగా నిలబడ్డ ఇళ్లలో ఏది మనదో తేల్చేది అదే.

తర్వాత ఆ కాలపు కెల్లీస్ డైరెక్టరీలో (వీధుల వారీగా ఇళ్లు, వ్యాపారాల జాబితా) ఇంటి నంబరు, ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ పటాల సంస్థ) మైలుకు 25 అంగుళాల కొలతతో వేసిన పటంలో స్థలం చూడాలి. 1921 జనగణన ప్రత్యేకంగా పనికొస్తుంది. కార్మిక ఆందోళనల వల్ల ఏప్రిల్ నుంచి జూన్ 19కి వాయిదా పడి సెలవుల కాలంలో జరగడంతో, అతిథుల పేర్లూ అక్కడే నమోదయ్యాయి.

అతిథులే సరుకులు తెచ్చుకుంటే ఇంటావిడ వండిపెట్టడం పాత పద్ధతి. వంటకీ, కొన్నిచోట్ల బల్ల మీది ఉప్పు మిరియాల సీసాలకీ విడిగా డబ్బు. మిల్లు పట్టణాల వేక్స్ వారాలే (మిల్లులన్నీ మూసి ఊరంతా సెలవు తీసుకునే వారాలు) వాళ్లకు పంట. రెండో ప్రపంచయుద్ధంలో బ్లాక్‌పూల్ ఇళ్లను వైమానిక దళం బసకు వాడుకుంది. యుద్ధం ముగిశాక జీతంతో సెలవుల వల్ల రద్దీ మళ్లీ పెరిగింది. తర్వాత కార్లు, కారవాన్లు, స్పెయిన్ విమాన యాత్రలు ఆ గిరాకీని లాగేసుకున్నాయి. 1971 అగ్నిమాపక చట్టం కింద ఆరుగురికి మించి పడక ఇచ్చేచోట ధ్రువపత్రం తప్పనిసరైంది. తలుపులు, మెట్ల మార్గాలు మార్చే ఖర్చు చిన్న ఇళ్లకు భారమైంది.

చాలా ఇళ్లు కూలలేదు, ఫ్లాట్లయ్యాయి. పోల్చేటప్పుడు పొగగొట్టాల కంటే బే విండోల (గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన కిటికీల) వరస, పక్కిళ్ల గోడ అంచులు చూడటం మేలు. పొగగొట్టాలు తీసేసి ఉండొచ్చు.