కౌంటీ జైల్లో జబ్బు చేస్తే బిల్లు ఎవరిది? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) జైలు వైద్య విభాగంలో ఆసుపత్రి బిల్లులు పరిశీలించడం నా ఉద్యోగం. మనవాళ్ల మధ్య ఆ మాట చెబితే సాధారణంగా రెండు వ్యాఖ్యలు వినబడతాయి. "మన పన్నులతో వాళ్లకు రాజభోగమా?" అనేది ఒకటి. "అంతా ఫెడరల్ ప్రభుత్వమే కడుతుందిగా" అనేది రెండోది. మొదటిదాంట్లో పన్నుల సంగతి మాత్రం నిజం.

అపోహ: ఖర్చంతా ఫెడరల్ ప్రభుత్వానిదే.

దీర్ఘకాలం శిక్ష పడినవారిని ఉంచే ప్రిజన్లు రాష్ట్రాలవి లేదా ఫెడరల్ ప్రభుత్వానివి. కౌంటీ జైలు స్థానిక ప్రభుత్వానిది. అందులో ఎక్కువమంది నేరం ఇంకా రుజువు కానివారే. పేదల వైద్యానికి మెడికెయిడ్ ఉంది కదా అంటారు. 1965లో ఆ పథకం పుట్టినప్పుడే, నిర్బంధంలో ఉన్నవారి వైద్యానికి ఫెడరల్ వాటా ఇవ్వకూడదని చట్టంలో రాశారు. శిక్ష పడిందా, విచారణలో ఉన్నారా అన్న తేడా అందులో పెట్టలేదు. నిన్నటిదాకా మెడికెయిడ్‌తో ఇన్సులిన్ తెచ్చుకున్న మనిషి బెయిలు కట్టలేక లోపలికి వస్తే, ఇవాళ్టి ఇన్సులిన్ కౌంటీ ఖాతాలో పడుతుంది. చాలా కౌంటీలకు పెద్ద ఆదాయం ఆస్తి పన్ను, అంటే మీ ఇంటి మీద మీరు కట్టేదే.

ఈ నిబంధనలో ఒక సందు ఉంది. ఖైదీని బయటి ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా చేర్చుకుని, 24 గంటలు లేదా అంతకు మించి ఉంచాల్సి వస్తే, అర్హత ఉన్నవారికి మెడికెయిడ్ చెల్లించవచ్చు. నా పనిలో తగాదాలన్నీ ఇక్కడే. ఛాతీ నొప్పితో తీసుకెళ్లిన మనిషి రాత్రంతా ఆసుపత్రి మంచం మీదే ఉంటాడు. చేతికి సెలైన్, కాలికి సంకెల, తలుపు దగ్గర కుర్చీలో కాపలాకు డిప్యూటీ (షెరీఫ్ శాఖ పోలీసు). కాగితం మీద 'అబ్జర్వేషన్' అని ఉంటే ఆ మనిషి అవుట్‌పేషెంటు కిందే లెక్క, డబ్బంతా కౌంటీ కట్టాల్సిందే. 'అడ్మిట్' అని డాక్టరు ఆర్డరు ఇచ్చి ఉంటే కథ మారిపోతుంది. మంచం అదే, మందు అదే. అందుకే బిల్లు చేతికి రాగానే నా కళ్లు మొత్తం వైపు పోవు, ఆ ఆర్డరునూ దాని మీది సమయాన్నీ వెతుకుతాయి.

అపోహ: లోపల వైద్యం ఉచితం, అడిగిందల్లా దొరుకుతుంది.

టెక్సస్ ప్రిజన్లో లారీ నుంచి పత్తి బేళ్లు దించుతుండగా ఒకటి మీద పడి గ్యాంబుల్ అనే ఖైదీ నడుము దెబ్బతింది. ఆ కేసులో 1976లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, తీవ్రమైన వైద్య అవసరాన్ని తెలిసి తెలిసి పట్టించుకోకపోతే అది రాజ్యాంగ విరుద్ధమైన క్రూర శిక్ష. సూత్రం నిలిచింది కానీ వైద్యాధికారి మీద ఆయన ఫిర్యాదు నిలవలేదు. హక్కు ఉన్నది ఆ కనీస వైద్యానికే, కోరుకున్న వైద్యానికి కాదు.

ఉచితమన్న మాటా పూర్తి నిజం కాదు. నర్సును చూడాలని చీటీ రాసి ఇస్తే చాలా జైళ్లలో కొన్ని డాలర్లు కో-పే కింద కోస్తారు. సబ్బూ, నూడుల్సూ కొనుక్కోమని ఇంటివాళ్లు వేసిన డబ్బులోంచే అది పోతుంది. చేతిలో డబ్బు లేదని వైద్యం నిరాకరించకూడదు, బాకీగా రాసుకుంటారు. నన్నడిగితే ఇది తెలివితక్కువ పొదుపు. పంటి వాపు దగ్గర చీటీ రాయని మనిషి, చీము పట్టాక అంబులెన్సులో బయటికి వెళ్తాడు. ఆ అంబులెన్సు బిల్లూ నా దగ్గరికే వస్తుంది.

అపోహ: అరెస్టు చేసినవారే ఆసుపత్రికి కట్టాలి.

చికిత్స అందేలా చూడటం వారి బాధ్యత. డబ్బు ఎవరివ్వాలన్నది రాష్ట్ర చట్టం తేలుస్తుంది. పోలీసు కాల్పుల్లో గాయపడిన వ్యక్తి విషయంలో మసాచుసెట్స్‌లోని రివీర్ నగరానికీ ఆసుపత్రికీ నడిచిన కేసులో 1983లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. దీనివల్ల పుట్టిన ఒక చెడ్డ అలవాటు గురించి కూడా చెప్పాలి. జబ్బు ముదిరిన మనిషిని ఆసుపత్రికి పంపే ముందో, మంచం మీద ఉండగానో హడావిడిగా విడుదల చేస్తారు. కస్టడీ పోతే బిల్లూ పోతుందని. అన్నిచోట్లా జరగదు, కానీ జరుగుతుంది.

అపోహ: జైలు వైద్యాన్ని ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తే కౌంటీకి తలనొప్పి ఉండదు.

ఒప్పందం చదివితే తెలుస్తుంది. బయటి ఆసుపత్రి ఖర్చుకు తరచూ ఒక పరిమితి పెడతారు, అది దాటితే మళ్లీ కౌంటీయే. పరిమితి లోపలయితే బయటికి పంపిన ప్రతి రోగీ కంపెనీ లాభానికి గండి. దావా పడితే కౌంటీ పేరూ అందులో ఉంటుంది.

అపోహ: ఈ నిబంధనలు ఎన్నటికీ మారవు.

నెమ్మదిగా మారుతున్నాయి. 2023 జనవరిలో రాష్ట్రాలన్నిటిలో మొదటగా కాలిఫోర్నియాకు ఫెడరల్ ప్రభుత్వం నుంచి అనుమతి వచ్చింది. విడుదలకు ముందు 90 రోజుల పాటు కొన్ని సేవలకు మెడికెయిడ్ చెల్లించవచ్చు. తర్వాత మరికొన్ని రాష్ట్రాలకూ ఇచ్చారు.

అపోహ: అరెస్టు కాగానే ఇన్సూరెన్స్ రద్దవుతుంది.

మార్కెట్‌ప్లేస్ పాలసీ (ప్రభుత్వ ఇన్సూరెన్స్ వెబ్‌సైటు ద్వారా సొంతంగా కొనుక్కున్నది) అయితే, కేసు తేలేవరకు కస్టడీలో ఉన్నా అర్హత పోదు. శిక్ష పడి లోపల ఉంటేనే పోతుంది. కాబట్టి కంగారులో ప్రీమియం ఆపకండి. ఉద్యోగం ద్వారా వచ్చే పాలసీ, విద్యార్థుల పాలసీ వేటి షరతులు వాటివే, మినహాయింపుల పేజీ చదవాలి. మందులు వాడే మనిషైతే అదేరోజు జైలు వైద్య విభాగానికి ఫోను చేసి జబ్బు, మందుల పేర్లు, మోతాదు, ఫార్మసీ నంబరు చెప్పండి. గోప్యత వల్ల వాళ్లు మీకేమీ చెప్పకపోవచ్చు, మీరు చెప్పేది వినడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.