ఒక్క దేశం కాదంటే ఆగిపోయే ఐరోపా: ఈ వీటో ఎక్కడిది?

ఐరోపా సమాఖ్య ఎవరిపైనైనా ఆంక్షలు పెట్టబోయిన ప్రతిసారీ ఒకే ప్రశ్న వస్తుంది. 27 దేశాల్లో ఒక్కటి వద్దంటే అంతా ఎందుకు ఆగిపోవాలి? ఈ చిక్కు నిన్నమొన్నటిది కాదు.

1950లో కొరియా యుద్ధం మొదలవగానే పశ్చిమ జర్మనీకి మళ్లీ ఆయుధాలివ్వాలని అమెరికా పట్టుబట్టింది. హిట్లర్ ఓడి అయిదేళ్లే అయింది. జర్మన్ సైన్యం అన్న మాటకే ఫ్రాన్స్ ఉలిక్కిపడింది. జర్మనీకి విడిగా సైన్యం వద్దు, అందరి దళాలూ కలిపి ఒకే ఐరోపా సైన్యం పెడదామని ఫ్రెంచ్ ప్రధాని రెనే ప్లెవెన్ ప్రతిపాదించారు. 1952 మే 27న ఆరు దేశాలు సంతకాలు చేశాయి. సైన్యం ఉమ్మడిదైతే దాన్ని నడిపే నాయకత్వమూ ఉమ్మడిగా ఉండాలి కదా! అందుకే రాజకీయ సమాఖ్యకూ ముసాయిదా రాశారు. సైన్యం ఒప్పందాన్ని నాలుగు దేశాల పార్లమెంట్లు ఆమోదించాయి. చివరికి అడ్డుపడింది ఆలోచన పుట్టిన ఫ్రాన్సే. 1954 ఆగస్టు 30న ఆ దేశ జాతీయ సభ 319-264 ఓట్లతో ఒప్పందాన్ని పక్కనపెట్టేసింది. బద్ధ విరోధులైన కమ్యూనిస్టులు, జాతీయవాద నేత డిగాల్ అనుచరులు ఒక్కటై ఓడించి, సభలోనే జాతీయగీతం పాడారు.

ఆ దెబ్బతో కలయిక వ్యాపారం దారి పట్టింది. 1957 రోమ్ ఒప్పందం మార్కెట్‌ను కలిపింది, విదేశాంగాన్ని ముట్టుకోలేదు. 1970 నుంచి విదేశాంగ మంత్రులు కూర్చుని మాట్లాడుకోవడం మొదలైనా, ఎవరి నిర్ణయం వారిదే. 1993లో మాస్ట్రిక్ట్ ఒప్పందం అమల్లోకి వచ్చాక ఉమ్మడి విదేశాంగ విధానం అన్న పేరు దక్కింది. అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అన్న ఏకగ్రీవ నియమం మాత్రం అలాగే నిలిచింది.

పేరుతో ఐక్యత రాలేదు. 2003లో ఇరాక్ యుద్ధాన్ని ఫ్రాన్స్, జర్మనీ వ్యతిరేకిస్తే బ్రిటన్, స్పెయిన్, ఇటలీ అమెరికా పక్షాన నిలిచాయి. 2020లో టర్కీపై చర్యల విషయం తేలలేదని సైప్రస్ బెలారుస్‌పై ఆంక్షలను వారాల తరబడి ఆపింది. అక్కడ మిన్స్క్ వీధుల్లో నిరసనకారులను చితకబాదుతుంటే ఇక్కడ బేరసారాలు సాగడం నిజంగా బాధాకరం. 2022లో హంగరీ తన పైప్‌లైన్ చమురుకు మినహాయింపు దక్కాకే రష్యా చమురుపై నిషేధానికి ఒప్పుకుంది.

అయినా వీటోను ఒక్క మొండి నేత తప్పుగా చూడటం సరికాదు. జర్మనీ, ఫ్రాన్స్ జనాభా బలం ముందు చిన్న దేశాలకు మిగిలిన ఆసరా అదే. 2023 మేలో తొమ్మిది దేశాలు మెజారిటీ ఓటింగ్ వైపు వెళ్దామని ముందుకొచ్చాయి. కానీ ప్రస్తుత ఒప్పందాల ప్రకారం ఏకగ్రీవాన్ని తొలగించాలన్నా 27 దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాల్సిందే.