బెజవాడ ఎండలో చన్నీటి జీవి

మా పక్కింటి పిల్లాడు ఇంటర్ చదువుతున్నాడు. మొన్న మే నెలలో వచ్చి, "అంకుల్, ఆక్సొలాటిల్ పెంచుకుందామనుకుంటున్నా, ట్యాంక్ ఎలా పెట్టాలి?" అని అడిగాడు. వాళ్ళింట్లో వాడకుండా పడి ఉన్న వంద లీటర్ల ట్యాంకులో నీళ్ళు పోసి థర్మామీటర్ వేయమన్నాను. మర్నాడు మధ్యాహ్నానికి 33 డిగ్రీలు చూపించింది. ఆ జీవికి కావలసింది 16 నుంచి 18.

ఆక్సొలాటిల్ చేప కాదు, సాలమాండర్, అంటే కప్పలాగే ఉభయచర జీవి. తోకకప్ప కప్పయినట్టు దాని చుట్టాలు చాలావరకు రూపం మార్చుకుని నేల మీదికి వస్తాయి. ఇది మాత్రం తల పక్కన కుచ్చుల్లాంటి మొప్పలతో జీవితమంతా నీళ్ళలోనే గడుపుతుంది. సొంతూరు మెక్సికో నగరంలోని సొచిమిల్కో, సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన. అందుకే చల్లదనం తప్పనిసరి. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, జీవికి అవసరం మాత్రం పెరుగుతుంది. 24 దాటితే తిండి మానేస్తుంది, జబ్బు పడుతుంది.

"ఫ్యాన్ పెడితే చాలదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. కుండలో నీళ్ళు చల్లబడేది ఆవిరి వల్లే. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. కానీ గాలిలో తేమ ఉంటే ఆవిరి నెమ్మదిస్తుంది. బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే అంకె కన్నా కిందికి ఏ ఫ్యానూ నీటిని దించలేదు. మన వేసవిలో ఆ అంకె చాలా రోజులు 25 పైనే. ఫ్యాన్ పెట్టి చూశాం, 29 దగ్గర ఆగింది. కాబట్టి చిల్లర్ కొనాల్సిందే. అది ఫ్రిజ్ లాగే నీటిలోని వేడిని లాగి గదిలోకి వదులుతుంది. అందుకే గాలాడే చోట పెట్టాలి.

ఈ ఎండ పనికొచ్చే ఘట్టం ఒకటుంది. జీవి విసర్జించే అమ్మోనియా విషం. ఫిల్టర్‌లో చేరే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా వెచ్చటి నీళ్ళలో త్వరగా పెరుగుతుంది. అందుకే క్లోరిన్ విరిచిన నీళ్ళలో కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ, నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీ ట్యాంకునే నడపాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే చిల్లర్ వేసి, ఆ తర్వాత జీవిని తేవాలి. పిల్లాడు రోజూ టెస్ట్ కిట్‌తో చూసి నోట్‌బుక్‌లో రాస్తున్నాడు. నిన్న నైట్రైట్ ఇంకా 1 దగ్గరే ఉంది. వాడికి తొందరగా ఉంది గానీ ఆగుతున్నాడు, అది నాకు సంతోషం.

మిగతావి తేలిక. అడుగున గులకరాళ్లు వద్దు, నోరు తెరిచి తిండితోపాటు మింగేస్తుంది, పేగుల్లో అడ్డుపడతాయి. కృష్ణ ఇసుకైతే సన్నటి జల్లెడ పట్టి కడిగి వేయాలి. దానికి కనురెప్పలు లేవు, కాబట్టి లైటు మసకగా ఉండాలి, దాక్కోవడానికి అంచులు నున్నగా ఉన్న మట్టిగొట్టం ముక్క కావాలి. నీటి ప్రవాహం నెమ్మదిగా ఉండాలి, స్పాంజ్ ఫిల్టర్ మేలు.

కరెంటు పోతుందన్న టెన్షన్ వాళ్ళమ్మగారిది. ట్యాంకుకు మూడు వైపులా థర్మోకోల్ అతికించమన్నాను. ఫ్రీజర్‌లో రెండు నీళ్ళ సీసాలు గడ్డకట్టించి ఉంచి, కరెంటు పోగానే ఒకటి మూతతో సహా ట్యాంకులో తేల్చాలి. అది కరిగేలోపు రెండోది సిద్ధంగా ఉంటుంది.