పొయ్యి స్టాండుకు ఏ రంగు నిలుస్తుంది?

చెన్నైలో శుభకార్యానికి మిద్దె మీద వంట పెట్టించేవారు, పెద్ద గుండిగలో డికాషనో కషాయమో కాచేవారు గ్యాస్ పొయ్యికి కావలసిన ఇనుప స్టాండును తరచూ దగ్గరలోని వెల్డింగ్ షాపులోనే చేయించుకుంటారు. దానికి తుప్పు పట్టకుండా అడుగున వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక కోటు, నల్ల ఎనామిల్ ఒక కోటు వేసి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. కిటికీ ఊచల మీద ఏళ్లపాటు నిలిచే ఈ పూతే, గుండిగ ఆనే రింగు మీద మొదటి వంటకే కమురు వాసనతో పొంగి పొలుసులుగా రాలిపోతుంది. స్టాండు పైభాగం మంటకూ కాళ్లు ఉప్పుగాలికీ ఓర్చుకోవలసి ఉండగా, రెండింటికీ ఒకే డబ్బాలోని రంగు వేయడమే ఇందుకు కారణం.

ఎనామిల్‌లోని ఆల్కిడ్ రెసిన్‌ను నూనెలతో తయారుచేస్తారు. అది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. దాని వెన్నెముక కార్బన్ పరమాణువుల గొలుసు కనుక, నూరు డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఎక్కువసేపు ఉంటే రంగు మారి పెళుసెక్కుతుంది, వేడి ఇంకా పెరిగితే మాడిపోతుంది. ఎపాక్సీ, పాలీయురేథేన్, పౌడర్ కోటింగ్ అంతకంటే గట్టివే అయినా, అవీ కార్బన్ గొలుసులే కాబట్టి మంట పక్కన నిలవవు. పౌడర్ కోటింగ్‌ను 180–200 డిగ్రీల ఓవెన్‌లో గట్టిపరుస్తారని విని అది ఎంత వేడినైనా తట్టుకుంటుందని కొందరు నమ్ముతారు. తయారీలో కాసేపు తగిలే వేడి వేరు, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తగిలే వేడి వేరు.

మంట దగ్గరకు పనికొచ్చేది సిలికోన్ రెసిన్‌లో అల్యూమినియం రేకుల పొడి కలిపిన హీట్ రెసిస్టెంట్ పెయింట్. సిలికాన్–ఆక్సిజన్ బంధాన్ని తెంచడానికి మోలుకు సుమారు 450 కిలోజౌళ్లు కావాలి. కార్బన్–కార్బన్ బంధానికి 350 చాలు. బాగా వేడెక్కినప్పుడు ఈ పెయింట్‌లోని కార్బన్ భాగం కాలిపోయి, మిగిలిన సిలికా అల్యూమినియం రేకులను ఇనుముకు పట్టి ఉంచుతుంది. అందుకే 600 డిగ్రీల వరకు తట్టుకునే రకాలు దొరుకుతున్నాయి. అయితే బ్రష్‌తో వేసి ఆరబెట్టినంత మాత్రాన ఇది గట్టిపడదు, గోటితో గీసినా గీత పడుతుంది. గుండిగ పెట్టకుండా, ఆరుబయట, సన్నని మంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ దాదాపు 200 డిగ్రీల వేడిని గంటసేపు నిలపాలి. ఈ తొలి కాల్పు కూడా పెయింటింగ్‌లో భాగమే. కోటు మందమైతే బుడగలొస్తాయి. అడుగున మామూలు రెడ్ ఆక్సైడ్ ఉంటే అది కాలిపోతూ పై పూతనూ వెంట తీసుకుపోతుంది.

కాళ్ల సంగతి వేరు. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, వానచుక్క పడకపోయినా ఆ తేమను పీల్చి ఇనుము మీద ఉప్పునీటి పొరగా మారుతుంది. ఆ పొరలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కనుక తుప్పు వేగం అందుకుంటుంది. పాంబన్ దగ్గర 1914 నాటి రైలు వంతెనను తుప్పు ఎంతగా వేధించిందంటే, దాని పక్కనే 2025లో ప్రారంభించిన కొత్త వంతెన ఉక్కుకు సిలికాన్–ఆక్సిజన్ గొలుసులున్న పాలీసిలోక్సేన్ పూత వేయవలసి వచ్చింది. మన స్టాండు కాళ్లకు అంత అవసరం లేదు. జింక్ ఫాస్ఫేట్ కలిసిన ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పాలీయురేథేన్ సరిపోతాయి. ఎపాక్సీ ఒక్కటే వేసి ఎండలో వదిలేస్తే సుద్దలా పొడి రాలుతుంది.

ఎంత ఖరీదైన రంగైనా కింది ఇనుము శుభ్రంగా లేకపోతే వృథా. కొత్త యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) మీద నీలినలుపుగా మెరిసే మిల్ స్కేల్, అంటే మిల్లులో కాల్చి సాగదీసినప్పుడు ఏర్పడే ఆక్సైడ్ పొర, గట్టిగానే కనిపిస్తుంది గాని, అది పగిలిన చోట దాని పక్కనున్న ఇనుము మరింత త్వరగా తుప్పుపడుతుంది. వెల్డింగ్ అతుకు మీద గాజులా అంటుకునే స్లాగ్‌ను సుత్తితో రాల్చి, గ్రైండర్‌తో రుద్ది, తిన్నర్ గుడ్డతో నూనె జిడ్డు తుడవాలి. యాంగిల్ కోసిన అంచు కత్తిలా ఉంటే తడి రంగు తలతన్యత వల్ల అక్కడి నుంచి వెనక్కి జారి, పొర పలచబడుతుంది. తుప్పు గీత మొదట కనిపించేది అక్కడే కనుక, అంచులను గుండ్రంగా రాకి, వాటికి విడిగా ఒక కోటు ముందే వేయాలి. నీరు నిలిచే రబ్బరు బుష్‌లను కాళ్లకు తొడగకపోవడమే నయం. ఇనుము మంచు బిందువు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉన్నప్పుడే రంగు వేయాలి కాబట్టి, తేమతో నిండిన తెల్లవారుజాము ఈ పనికి తగదు.

తుప్పు పట్టదని జి.ఐ. పైపు, అంటే జింక్ పూత ఉన్న ఇనుప పైపు, ఎంచుకునేవారూ ఉన్నారు. జింక్ సుమారు 420 డిగ్రీలకే కరుగుతుంది, వెల్డింగ్‌లో దాని పొగ పీల్చినవారికి జ్వరం వస్తుంది. మంట దగ్గర దాన్ని వాడకూడదు. ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. (పది లక్షల భాగాల్లో 90) మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నా పారిశ్రామిక రంగులకు వర్తించదు కనుక, వంట పక్కన వాడే డబ్బా మీద సీసం లేదన్న మాట ఉందో లేదో చూసి కొనాలి.

నన్నడిగితే, నేరుగా మంట నాకే రింగుకు ఏ రంగూ వద్దంటాను. దోసె పెనానికి చేసినట్టే పలచగా నూనె పూసి కాల్చితే, నూనె అణువులు ఒకదానికొకటి అల్లుకుని నల్లని పొర కడతాయి. అది పోయిన చోట మళ్లీ పూయడానికి గ్రైండరూ అక్కర్లేదు, తిన్నరూ అక్కర్లేదు.