చేతి గాజుకీ గోళీకీ పందెం

తిరుపతిలో ఇంటర్ చదివే పిల్లల్ని ఆపి ఘన గోళం జడత్వ భ్రామకం, అంటే తిప్పబోతే అది ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలత, ఎంతని అడగండి, ఐదింట రెండు ఎంఆర్ స్క్వేర్ (ఎం ద్రవ్యరాశి, ఆర్ వ్యాసార్థం) అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. దాంతో ఏం తెలుస్తుందని అడిగితే మాత్రం నోరు పెగలదు. పాపం వాళ్ళేం చేస్తారు, ఎవరూ ఏదీ దొర్లించి చూపించలేదు.

నేనైతే ఆరో తరగతి పిల్లలతోనే పందెం పెట్టిస్తా. మీటరు పొడుగు చెక్క, దాని ఒక చివర కింద రెండు లావుపాటి పుస్తకాలు, గోవిందరాజస్వామి గుడి దగ్గర కొన్న మెటల్ గాజు ఒకటి, గోళీ ఒకటి. రెండింటినీ ఒకే గీత దగ్గర పట్టుకుని ఒకేసారి వదలాలి, నెట్టకూడదు. వదిలే ముందే ఏది గెలుస్తుందో అందరి చేతా చెప్పించాలి, ఎందుకంటే పందెం కాసినవాడు కళ్ళార్పకుండా చూస్తాడు.

గోళీయే గెలుస్తుంది. గాజు తేలిక కదా అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు పెద్ద గోళీ, చిన్న గోళీ వదలండి, రెండూ కలిసే దిగుతాయి. బరువుతో పని లేదన్నమాట. పైన దాచుకున్న స్థితిశక్తి దిగేటప్పుడు ముందుకు పోవడానికి కొంత, గిర్రున తిరగడానికి కొంత ఖర్చవుతుంది. గాజు ద్రవ్యరాశి మొత్తం అంచునే ఉంది కాబట్టి సగం శక్తి తిరగడానికే పోతుంది. గోళీకి ఏడింట రెండు వంతులు చాలు, మిగతాదంతా పరుగుకే. లెక్క ప్రకారం గోళీ మీటరు దాటేసరికి గాజు 70 సెంటీమీటర్ల దగ్గరుంటుంది, జారకుండా దొర్లినంతసేపూ వాలు ఎంతైనా ఇదే. సెల్‌ఫోన్లో స్లో మోషన్ తీసి పిల్లల్నే స్కేలు పెట్టి చూసుకోమనండి.

అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993 నుంచీ ఉంది, తప్పకుండా తీసుకెళ్ళండి. కానీ ఇంట్లో చెక్కయితే నలభైసార్లు వదిలినా ఎవరూ తొందరపెట్టరు.

నాకు బాగా ఇష్టమైనది సీసాల పందెం. ఒకే రకం సీసాలు రెండు తీసుకుని ఒకదాన్లో నిండా నీళ్ళు, రెండోదాన్లో నిండా కుదించిన ఇసుక పోయండి. నీళ్ళ సీసా ముందు దిగుతుంది, గోళీని కూడా దాటేస్తుంది! సీసా గోడ తిరుగుతున్నా లోపలి నీళ్ళు దాదాపు తిరక్కుండా అలాగే ముందుకు పోతాయి, తిరగడానికి పెట్టే ఖర్చు చాలా తక్కువ. ఇసుక మాత్రం సీసాతో పాటే తిరగాలి. ఇక అదే సీసాలోంచి సగం ఇసుక తీసేసి వదిలితే కాస్త కదిలి ఆగిపోతుంది. శక్తి ఎటు పోయిందో వెంటనే చెప్పేయకుండా, సీసా చెవి దగ్గర పెట్టుకుని వంచమనండి, రేణువులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వాళ్ళకే వినిపిస్తుంది.