డైరీకెక్కని గంటలు

శ్రీకాకుళం డిగ్రీ కాలేజీల్లో పిల్లల చొక్కాలకు కనిపించే ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) బ్యాడ్జీలోని చక్రం కోణార్క సూర్యదేవుడి రథానిది. సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లి పక్కన పెరిగినవాళ్లకి ఆ గుర్తు పరాయిదేమీ కాదు. దాని ఎనిమిది ఆకులూ రోజులోని 24 గంటలకు గుర్తు. ఏ వేళైనా సేవకి సిద్ధంగా ఉండాలని అర్థం.

చదువుకునేవాళ్లు సమాజ సేవ కూడా చేయాలని కొఠారి కమిషన్ (1964-66) చెప్పింది. గాంధీ శతజయంతి ఏడాదిలో, 1969 సెప్టెంబర్ 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో ఎన్‌ఎస్‌ఎస్ మొదలుపెట్టారు. రెండేళ్లలో 240 గంటల పని, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం, చివర్లో ఒక సర్టిఫికెట్. అంతే. జాతీయ యువజన అవార్డులు 1985లో వచ్చాయి. ఎన్‌ఎస్‌ఎస్‌కి సొంత జాతీయ అవార్డులు రావడానికి 1993-94 దాకా పట్టింది. దేశంలో దాదాపు 40 లక్షల మంది వాలంటీర్లుంటే, ఇటీవలి ఏళ్లలో ఆ అవార్డు అందేది ఏటా 30 మందికి.

మన దగ్గర 2019 ఆగస్టు 15 తర్వాత వాలంటీరు అన్న మాటకే అర్థం మారిపోయింది. నెలకు 5 వేల గౌరవ వేతనంతో ఇంటింటికీ వచ్చే ప్రభుత్వ గ్రామ, వార్డు వాలంటీర్లే అందరికీ గుర్తొచ్చారు. 2021 ఉగాది నుంచి వాళ్లకు సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర బిరుదులిచ్చారు. మరోపక్క జీతం లేకుండా పనిచేసే కాలేజీ పిల్లలు జనం మాటల్లో వెనక్కి జరిగారు. నాకు బాధనిపించేది అదే.

అవార్డుకి దరఖాస్తంటే ఫైలు కావాలి. ఫొటోలు, పేపర్ కటింగులు, సంతకాలు. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటింది. నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలకొరిగాయి, కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. నాకు తెలిసిన ఓ ఎన్‌ఎస్‌ఎస్ కుర్రాడు, డిగ్రీ రెండో ఏడాది, కత్తి పట్టుకుని వీధిలో పడిన కొబ్బరి మానులు నరికి దారి చేశాడు. తర్వాత నాలుగు రోజులు ముసలివాళ్లున్న ఇళ్లకి బిందెలతో నీళ్లు మోశాడు. ఫొటో తీద్దామన్నా ఫోన్లో చార్జింగ్ లేదు. సెలవులయ్యాక ఆ గంటలు ఎన్‌ఎస్‌ఎస్ పని గంటలు రాసే డైరీలో రాస్తానంటే, శిబిరం తేదీల్లో చేసింది కాదు, కుదరదన్నారు కాలేజీలో.

విపత్తు రోజుల్లో చేసిన పనిని ఆ ఊరివాళ్ల మాట మీద లెక్కలోకి తీసుకోవాలి. సంతకం కావాలంటే, అతను నీళ్లు పోసిన ఇళ్లలో వేలిముద్ర వేసేవాళ్లు ఇంకా ఉన్నారు.