12 కాస్తా 240 ఎలా అయింది?

ఒక అవయవం ఘనపరిమాణం కోసం సమాన దూరాల్లో ఐదు స్లైసులు తీశామనుకుందాం. ఒక్కో స్లైసు మీద చుక్కల గ్రిడ్ వేసి లెక్కపెడితే 2, 8, 12, 9, 3 చుక్కలు పడ్డాయి. మొత్తం 34. ఈ అంచనా ఎంత అటూఇటూ కావచ్చు? ఐదూ యాదృచ్ఛికంగా తీసినవే అనుకుంటే 28 శాతం. పక్కపక్క స్లైసుల పోలికను వాడే రెండో సూత్రంలో (భాజకం 12) 6 శాతం. అదే సూత్రంలో భాజకం 240 చేస్తే 1.3 శాతం. (చుక్కల లెక్కింపులో వచ్చే నాయిస్‌ను ఇక్కడ పక్కన పెట్టాను.) ఏ అంకె రిపోర్ట్ చేయాలన్నదే వివాదం.

ఇలా సమాన దూరాల్లో నమూనాలు తీయడాన్ని సిస్టమాటిక్ శాంప్లింగ్ అంటారు. దాని బలాబలాల గురించి 1940ల్లోనే గణాంకవేత్తలు మేడో దంపతులు, కాక్రన్, యేట్స్ రాశారు. చిక్కల్లా ఒకటే. లాటరీ వేసేది మొదటి స్లైసు చోటుకే, మిగతావి దాని వెంట వస్తాయి. అంటే మన చేతిలో ఉన్నది నిజానికి ఒకే శాంపిల్. దాన్నుంచి వేరియన్స్ (అంచనా ఎంత చెదురుతుందో చెప్పే కొలత; పై శాతాలు దాని వర్గమూలం నుంచి వచ్చినవే) చెప్పాలంటే ఏదో ఒకటి ఊహించుకోక తప్పదు.

పక్కపక్క కొలతల పోలికను ఆధారం చేసుకునే గణితాన్ని ఖనిజ నిక్షేపాల అంచనా కోసం జార్జ్ మాథెరాన్ 1960ల్లో అభివృద్ధి చేశారు. గుండర్సన్, జెన్సన్ 1987లో స్టీరియాలజీకి (స్లైసుల నుంచి ఘనపరిమాణం వంటివి అంచనా వేసే శాస్త్రం) ఇచ్చిన సూత్రంలో భాజకం 12. అసలు మలుపు మాత్రం 1999 అని నా నమ్మకం. ఆ ఏడాది వాళ్లే మరో ఇద్దరితో కలిసి ఆ సూత్రాన్ని మళ్లీ పరిశీలించారు. స్లైసు వైశాల్యం చివర్లలో ఉన్నట్టుండి తెగిపోకుండా క్రమంగా సన్నబడితే 240 వాడాలన్నారు. వేరియన్స్ ఒక్కసారిగా 20వ వంతుకు పడిపోయింది. గణితంలో తప్పు లేదు. కానీ అదంతా 'సన్నబడితే' అన్న షరతు మీదే నిలబడి ఉంది. పట్టికలో 1.3 అని చూసేవాడికి ఆ షరతు కనిపించదు. కొలతలు ఒక క్రమంలో ఎగిసిపడుతూ, ఆ ఎడం మన స్లైసుల ఎడంతో కలిసిపోతే అసలు తేడా చాలా పెద్దది కావచ్చు. ఆ ఐదు అంకెల్లో దాని జాడే ఉండదు.

అవయవాలు సాధారణంగా నునుపుగానే ఉంటాయని, 12 తేడాను పెంచి చూపిస్తుందని 240 పక్షం వాదన. చాలా అవయవాల విషయంలో అది నిజమే.

28 శాతం కూడా క్షేమమైన దారి కాదు. అవసరం లేని స్లైసులు, అనవసరంగా బలయ్యే జంతువులు దాని ఖరీదు. బయట జంతువుల సర్వేల్లోనూ ఇదే గొడవ. అక్కడ సమాన దూరాల్లో గీసుకున్న సర్వే లైన్లలో పక్కపక్క వాటిని జతకట్టి వేరియన్స్ లెక్కించే పద్ధతులను గణాంకవేత్త రేచల్ ఫ్యూస్టర్ బృందం 2009లో పరీక్షించింది.

ఒక్క అవయవాన్నైనా పూర్తిగా కోసి అన్ని స్లైసులూ కొలవగలిగితే ఈ ఊహ అక్కర్లేదు. ప్రతి పదో స్లైసు చొప్పున, పది ప్రారంభాల నుంచీ పది అంచనాలు వేసి, అవి నిజంగా ఎంత చెదిరాయో చూడొచ్చు. 240 వాడేవాళ్లు ఆ పది అంకెలనూ పక్కనే అచ్చు వేయాలి.